ఫోర్టిఫైడ్ వైన్ చలికాలానికే కాదు: రాయలసీమ భోజనంతో ఏడాది పొడవునా

మీరు కర్నూలు నుంచి అడిగిన ప్రశ్నలో మూడు సందేహాలు ఉన్నాయి. మీ బావమరిది లిస్బన్ నుంచి వస్తూ ఒక పదేళ్ల టానీ పోర్ట్, ఒక ఫినో షెర్రీ తెచ్చి ఇచ్చారు. రెండూ ఫోర్టిఫైడ్ వైన్లే, అంటే సారా కలిపి ఘాటు పెంచినవి. ఇవి చలికాలంలో, అదీ భోజనం ముగిశాక మాత్రమే పుచ్చుకోవలసినవని ఎవరో చెప్పడంతో డిసెంబరు దాకా బీరువాలో దాచాలనుకుంటున్నారు. మన కారానికీ పులుపుకూ ఇవి పొసగుతాయా, మన ఎండల్లో వీటిని ముట్టవచ్చా, మూత తీసిన సీసా ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవి మీరు తెలుసుకోవాలనుకున్న సంగతులు. హోటళ్లలోనూ ఓడల భోజనశాలల్లోనూ వైన్ వడ్డించే పనిలో చాలాకాలం గడిపి, ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నవాడిని కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. టానీని ఎప్పుడు తెరవాలన్నది మీ ఇష్టం. ఫినోను మాత్రం డిసెంబరు దాకా ఉంచకండి, ఈ వారమే ఫ్రిజ్‌లో పెట్టి తెరవండి. అది దాచుకుంటే బాగుపడే రకం కాదు. సీసాలో నింపిన ఏడాదిలోపు ఎంత తొందరగా తాగితే అంత బాగుంటుంది.

చలికాలం, భోజనానంతరం అన్న ఆచారం స్థిరపడింది ఇంగ్లండులో. ఈ వైన్లు పుట్టిన ఊళ్లు మన జిల్లాల్లాగే ఎండ కాసే ఊళ్లు. పోర్ట్ తయారయ్యే దోరు లోయ పోర్చుగల్ ఉత్తర భాగంలో ఉంది. నది వెంట ఏటవాలు కొండలను మెట్లుమెట్లుగా చెక్కి, కడప బండలు నిలువునా పాతినట్టు పలకలు పలకలుగా చీలే రాతినేలలో అక్కడ ద్రాక్ష పెంచుతారు. ఆ లోయలో వేసవి పగళ్లు 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం అని అక్కడివారు తమ వాతావరణం మీద తామే సామెత చెప్పుకుంటారు. షెర్రీ పుట్టిన హెరెస్ పట్టణం స్పెయిన్‌కు దక్షిణాన, అండలూసియాలో ఉంది. అక్కడి తెల్లటి సుద్దనేల చలికాలపు వాననీటిని ఒడిసిపట్టి, చుక్క వాన లేని వేసవి పొడవునా తీగకు అందిస్తుంది. ఆ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో జరిగే జాతరల్లో జనం పట్టపగలు గుడారాల కింద కూర్చొని, వేయించిన చేపలతో చల్లటి ఫినో తాగుతారు. అంతటి ఎండలో వాళ్లు తాగుతున్నప్పుడు కర్నూలు వేసవి అడ్డు కానక్కరలేదు. అయితే అక్కడి వంటకూ మన వంటకూ కారంలోనూ పులుపులోనూ చాలా తేడా ఉంది కాబట్టి, వారి జతలను ఉన్నవి ఉన్నట్టుగా మన విస్తట్లోకి తెచ్చుకోలేము.

జత ఎలా కుదురుతుందో తెలియాలంటే ఇవి తయారయ్యే పద్ధతి కొంత తెలియాలి. ద్రాక్ష నుంచే తీసిన సారాను వైన్‌లో కలపడం వీటన్నింటిలోనూ ఉంటుంది కానీ, ఏ దశలో కలిపారన్నదాన్ని బట్టి రుచి పూర్తిగా మారిపోతుంది. పోర్ట్ విషయంలో రసం పులియడం మొదలైన రెండు మూడు రోజులకే, చక్కెర దాదాపు సగం మిగిలి ఉండగా, 77 శాతం ఆల్కహాల్ ఉన్న సారాను సుమారు నాలుగు పాళ్ల రసానికి ఒక పాలు చొప్పున పోస్తారు. ఈస్టు చచ్చి పులియడం అక్కడితో ఆగిపోతుంది. అందువల్ల లీటరుకు 100 గ్రాముల దరిదాపుగా తీపి మిగులుతుంది, ఘాటు 19 నుంచి 22 శాతం దగ్గర నిలుస్తుంది. షెర్రీకి ఇందుకు భిన్నంగా రసాన్ని పూర్తిగా పులియనిచ్చి, తీపి అంతా పోయాక సారా కలుపుతారు. ఫినోకు 15 శాతం దాకానే ఘాటు పెంచి, పీపాను నిండుగా నింపకుండా పైన కొంత ఖాళీ వదులుతారు. ఆ వైన్ మీద ఫ్లోర్ అనే ఈస్టు పొర కట్టి గాలిని తగలనివ్వదు, మిగిలిన కాస్త చక్కెరను కూడా తినేస్తుంది. ఘాటు 17 శాతానికి పెంచితే ఆ పొర బతకదు. అప్పుడు వైన్‌కు నేరుగా గాలి తగిలి, రంగు ముదిరి, అక్రోటు పప్పు వాసన వచ్చే ఒలొరోసో అవుతుంది. కొంతకాలం పొర కింద ఉండి, తరువాత పొర పోయి గాలిలో ముదిరినది అమోంటియాడో. అంటే మీ దగ్గరున్న రెండు సీసాల్లో ఒకటి బాగా తీపి, ఇంకొకటి తీపి అసలే లేనిది. ఒకటే గుంపుగా చూసి రెండింటినీ మిఠాయిల పక్కన పెడితే ఫినో చేదుగా తోచి, మీకు షెర్రీ అంటేనే విరక్తి కలుగుతుంది.

ఘాటు సంగతి ఇక్కడే లెక్క కట్టుకోవడం మంచిది. 20 శాతం ఆల్కహాల్ ఉన్న పోర్ట్ 60 మిల్లీలీటర్లు పోసుకుంటే అందులో 12 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో మామూలుగా దొరికే 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలోనూ దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి వైన్ కదా అని గ్లాసు నింపి తాగితే అది రెండు మూడు పెగ్గులతో సమానం. నేను ఎవరికి వడ్డించినా 50, 60 మిల్లీలీటర్లకు మించి పోయను. మన దగ్గర దీనికి ఇంకో కారణం కూడా ఉంది. మే నెలలో గ్లాసులోని వైన్ పది నిమిషాల్లో వెచ్చబడుతుంది, వెచ్చబడిన కొద్దీ తీపి మొహం మొత్తుతుంది, సారా ఘాటు ముక్కుకు కొడుతుంది. కొంచెం కొంచెంగా పోసుకుని సీసాను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయడం మేలు. గ్లాసులో మంచుముక్కలు వేస్తే టానీ పలచబడి పాడవుతుంది. ఇంట్లో వైన్ గ్లాసులు లేకపోతే టీ తాగే చిన్న గాజు గ్లాసు సరిపోతుంది కానీ, స్టీలు గ్లాసు వద్దు. దానిలో వాసన నిలవదు, రంగు కనిపించదు.

ఇక కారం. కారం నోటికి తగిలినప్పుడు వేడిని గుర్తించే నాడులే మేల్కొంటాయి, ఆల్కహాల్ ఆ నాడులను మరింత సున్నితం చేస్తుంది. అందువల్ల ఎర్రకారం పూసిన కడప దోశ తింటూ 20 శాతం ఘాటున్న వైన్ గుక్క వేస్తే మంట తగ్గకపోగా రెట్టింపు అవుతుంది. ఎర్ర పోర్ట్‌లలో ఒగరు కూడా ఉంటుంది కాబట్టి అవి కారంతో ఇంకా మొరటుగా తోస్తాయి. మంటను కొంత అదుపులో పెట్టేవి రెండే, తీపి, చల్లదనం. అదీ ఒక హద్దు దాకానే పనిచేస్తాయి. అందుకే కారం గట్టిగా వేసిన గోంగూర మాంసానికీ, గుంటూరు మిరపకాయ దంచి వేసిన వేపుళ్లకూ నేను ఏ ఫోర్టిఫైడ్ వైన్‌నూ సూచించను. అక్కడ మజ్జిగే మేలు. మధ్యస్థంగా కారం ఉన్న వంటలకు మాత్రం దారులు చాలా ఉన్నాయి. రెండవ చిక్కు చింతపండు. షెర్రీలో పులుపు చాలా తక్కువ. పులుసు తిన్న నోటికి అది చప్పగా, నీళ్లలా తోస్తుంది. పులుపుకు పులుపున్న వైన్ కావాలి, ఈ కుటుంబంలో అటువంటిది మదీరా. దాని దగ్గరికి తరువాత వస్తాను.

వేసవినే ముందు తీసుకుంటాను, మీ అనుమానమంతా దాని మీదే కాబట్టి. మార్చి నుంచి జూన్ దాకా మన ప్రాంతంలో ఈ వైన్లకు సరైన వేళ సాయంత్రపు ఫలహారం, రాత్రి భోజనం కాదు. ఎండ దిగాక, ఇంటికి తెచ్చిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ముందు పెట్టుకుని, ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన ఫినోను 50 మిల్లీలీటర్లు పోసి చూడండి. 6 నుంచి 8 డిగ్రీల చల్లదనం దీనికి తగినది. గ్లాసు ఎత్తి చూస్తే ఎండుగడ్డి రంగులో, దాదాపు పారదర్శకంగా ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే పచ్చి బాదం, పులిసిన పిండి, కాస్త ఉప్పుగాలి కలిసిన వాసన వస్తుంది. బజ్జీ నోట్లో ఉండగా తాగకండి. నమిలి మింగాక, నూనె ఇంకా నాలుక మీద ఉన్నప్పుడు చిన్న గుక్క వేయండి. ఆ నూనె జిడ్డు అంతా తుడిచిపెట్టినట్టు పోయి, శనగపిండి కమ్మదనం మాత్రం మిగులుతుంది. ఉగ్గానిలో పుట్నాలపొడి, కొబ్బరి ఉంటాయి కదా, ఫినోలోని బాదం వాసన వాటితో కలుస్తుంది. బజ్జీకి మాత్రం పెద్ద మిరపకాయ, గింజ తీసినది కావాలి. అలసందల వడలు, ఉప్పు వేసి వేయించిన చెనక్కాయలు, శ్రీశైలం జలాశయం నుంచి కర్నూలు మార్కెట్టుకు వచ్చే చేపల వేపుడు కూడా దీనికి చక్కగా జతపడతాయి. వేపుడులో నిమ్మరసం మోతాదు తగ్గించమని వంటింట్లో ముందే చెప్పండి.

ఫినో ఘాటుగా అనిపిస్తే దాన్ని అండలూసియా జాతరల్లో తాగే ‘రెబుహీతో’ అనే పానీయం పద్ధతిలో కలుపుకోవచ్చు. ఒక పాలు ఫినో, రెండు పాళ్లు నిమ్మరుచి సోడా, నాలుగు పుదీనా ఆకులు, ఇందులో మాత్రం మంచుముక్కలు ధారాళంగా వేయవచ్చు. పోర్చుగల్‌లో ఇటువంటిదే తెల్ల పోర్ట్‌తో చేస్తారు. తెల్లద్రాక్షతో చేసిన పోర్ట్‌ను టానిక్ నీళ్లతో సమానంగా కలిపి, పైన నారింజ ముక్కో నిమ్మ ముక్కో వేస్తారు. అనంతపురంలో కూర్చుని నారింజ కోసం వెతకడం ఎందుకు, చీనీకాయను పలచగా చక్రాలుగా కోసి వేయండి. చీనీ తొక్కలోని చేదు టానిక్‌లోని చేదుతో కలిసి ఎంత హాయిగా ఉంటుందో తాగితే తెలుస్తుంది. ఇది నా ఇంట్లో మే నెల పానీయం. ఘాటు సగానికి తగ్గుతుంది కాబట్టి మధ్యాహ్నపు ఎండకు బయట తిరిగి వచ్చినవారికి కూడా తేలికగా ఉంటుంది, కాకపోతే ముందు మంచినీళ్లు తాగి, ఆ తరువాత దీని జోలికి వెళ్లాలి. దాహం తీర్చుకోవడానికి ఆల్కహాల్ తాగడం మన ఎండల్లో ప్రమాదం.

వేసవిలోనే వచ్చే మామిడి గురించి చాలామంది అడుగుతారు. బనగానపల్లె బేనీషాకు పోర్ట్ సరిపడదు, ఎర్రదైతే అసలే సరిపడదు. మస్కట్ ద్రాక్షతో చేసిన ఫోర్టిఫైడ్ వైన్లు, ఉదాహరణకు పోర్చుగల్‌లోని సెతూబల్ మస్కటెల్, ఫ్రాన్సులోని బోమ్ ద వెనీస్ మస్కట్, బాగా చల్లబరిచి ఇస్తే మామిడి సువాసనకు తోడవుతాయి. పండు మరీ మాగినది కాక, కాస్త పులుపు మిగిలినదిగా చూసుకోండి.

మీ టానీని ఉగాదికి తెరవాలనిపిస్తే ఓళిగలతో పెట్టుకోవచ్చు, ఇంట్లో పండగనాడు మద్యం పెట్టే ఆనవాయితీ ఉంటేనే సుమా. లేకపోతే మరునాడు మిగిలిన ఓళిగలు వెచ్చచేసుకుని తినండి, అప్పుడే ఇంకా బాగుంటుంది. తీపి పదార్థంతో ఏ వైన్ ఇచ్చినా ఆ వైన్ తీపి పదార్థపు తీపికి తక్కువ కాకూడదన్నది మా వృత్తిలో గట్టిగా పాటించే సూత్రం. తక్కువైతే వైన్ పుల్లగా, పలచగా తోస్తుంది. బెల్లం దండిగా వేసిన పూర్ణానికి పదేళ్ల టానీ అంచున నిలబడుతుంది. నెయ్యి వేసుకుంటే గెలుస్తుంది, పాలు పోసుకుని తింటే ఓడిపోతుంది. పీపాలో ఏళ్ల తరబడి గాలి తగులుతూ ముదరడం వల్ల టానీకి ఎండు అంజీరు, వేయించిన పప్పుల వాసన వస్తుంది కాబట్టి, చెనక్కాయ ఉండలతోనూ నేతిలో వేయించిన జీడిపప్పుతోనూ దానికి సహజంగానే చెలిమి కుదురుతుంది. లేబుల్ మీద ఉన్న పదేళ్లు అన్నది సరిగ్గా పదేళ్ల వైన్ అని కాక, వేర్వేరు ఏళ్ల వైన్లను కలిపి ఆ వయసు రుచికి తెచ్చారని అర్థం. చలిదేశపు పుస్తకాలు దీన్ని గది వేడిమిలో ఇవ్వమంటాయి, ఆ గది లండన్‌లోది. మన గదిలో మేలో 36 డిగ్రీలు ఉంటుంది. టానీని ఫ్రిజ్‌లో ఉంచి, తాగేముందు పది నిమిషాలు బయట పెడితే 12 డిగ్రీల దగ్గరకు వస్తుంది, అది చాలు.

వానకాలం మన జిల్లాల్లో వానకన్నా మబ్బు ఎక్కువగా ఉండే కాలం. అప్పుడు ఫినో కన్నా కొంచెం బరువైన అమోంటియాడో బాగుంటుంది. ఇది 12 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో ఇవ్వవలసినది. చెనక్కాయలు, నువ్వులు నూరి కూరిన గుత్తివంకాయ, జొన్నరొట్టె, పక్కన ఊరిబిండి ఉన్న పళ్లెం శాకాహారులకు నేను మొట్టమొదట సూచించే జత. షెర్రీ అంతా మాంసాహారుల కోసమేనని అనుకునేవారు దీన్ని ఒకసారి ప్రయత్నించాలి. వంకాయ కూరలో చింతపండు రసం బదులు పచ్చిమామిడి ఒరుగో, మరీ తక్కువ చింతపండో వాడితే ఫలితం ఇంకా మెరుగవుతుంది. పంట తీసే రోజుల్లో వచ్చే పచ్చి చెనక్కాయలు ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, వేడి వేడిగా ఒలుచుకు తింటూ అమోంటియాడో చప్పరించడం కూడా అనంతపురం వాసిగా నాకు ఇష్టమైన పని.

మాంసం దగ్గరికి వస్తే హెరెస్ ప్రాంతంలో ఒక నానుడి ఉంది: ఈదేదానికి ఫినో, ఎగిరేదానికి అమోంటియాడో, పరుగెత్తేదానికి ఒలొరోసో. మన నాటుకోడి గోడెక్కి ఎగురుతుంది, దొడ్డంతా పరుగెడుతుంది కనుక అది ఏ వర్గంలోకి వస్తుందని ఒక మిత్రుడు వాదం పెట్టుకున్నాడు. వండిన పద్ధతిని బట్టే నేను తేలుస్తాను. మిరియాలు, ధనియాలు ఎక్కువగా, ఎండుమిరప తక్కువగా వేసి చేసిన కోడి వేపుడుకు అమోంటియాడో. పొట్టేలి మాంసం వేపుడు, కార్జం వేపుడు, నెమ్మదిగా ఉడికిన తలకాయ కూర, బోటి వంటి బరువైన రుచులకు ఒలొరోసో. కార్జంలో ఉండే ఇనుపవాసన చాలా వైన్లను చెడగొడుతుంది కానీ, గాలిలో ముదిరిన ఒలొరోసో దానికి లొంగదు. వేపుడు దించేముందు అదే ఒలొరోసో ఒక చెంచాడు మూకుడులో పోసి ఒక్కసారి కలిపి దించండి. మసాలా అంతా మాంసానికి పట్టుకుంటుంది.

రాగిసంగటి, నాటుకోడి పులుసు మాత్రం షెర్రీకి చిక్కవు. ఇక్కడే మదీరా కావాలి. ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా అట్లాంటిక్‌లో ఉన్న ఆ పోర్చుగీసు దీవి నుంచి ఓడల్లో బయలుదేరిన పీపాలు భూమధ్యరేఖ దాటి, నెలల తరబడి ఎండలో ఉడికి, మునుపటికన్నా రుచిగా మారడం 18వ శతాబ్దపు వర్తకులు గమనించారు. భారతదేశానికి వచ్చే ఈస్టిండియా కంపెనీ ఓడలు అక్కడ ఆగి పీపాలు ఎక్కించుకునేవి, మద్రాసులోని కంపెనీ దొరల భోజనాల బల్లల మీద మదీరా మామూలు వైన్‌గా ఉండేది. మిగతా వైన్లు ఇక్కడి వేడికి పాడయ్యే చోట ఇది నిలిచింది. తరువాత ఓడ ప్రయాణం బదులు దీవిలోనే వేడి పెట్టే పద్ధతులు వచ్చాయి. ఇప్పుడు మామూలు రకాలను తొట్లలో కనీసం మూడు నెలలు 45 నుంచి 50 డిగ్రీల వేడిలో ఉంచుతారు, మేలిరకాలను ఎండ తగిలే అటకల మీద పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. ముందే ఉడికిపోయి గాలి తిన్న వైన్ కాబట్టి కర్నూలు వేసవి దాన్ని కొత్తగా చేయగలిగింది ఏమీ లేదు. అన్నింటికన్నా ముఖ్యంగా, ఇంత తీపిలోనూ దాని పులుపు పదునుగా నిలుస్తుంది, చింతపండు పక్కన తల వంచదు.

మదీరాలో ద్రాక్ష రకాన్ని బట్టి తీపి మెట్లు ఉంటాయి. సెర్సియల్ అన్నింటికన్నా తక్కువ తీపి, తరువాత వెర్డేలో, ఆపైన బువాల్, చివర మాల్మ్‌సీ. సంగటి, పులుసులకు వెర్డేలో సరైనది. సంగటి ముద్దను పులుసులో అద్ది మింగాక 14 డిగ్రీల వెర్డేలో ఒక చిన్న గుక్క వేస్తే ముందు తీపి తగిలి కారాన్ని అణచుతుంది, వెంటనే పులుపు వచ్చి నోటిని కడుగుతుంది, చివర ఎక్కడో మాడిన బెల్లపు వాసన మిగులుతుంది. రాగి కమ్మదనం ఆ మాడువాసనతో కలవడం నాకు చాలా ఇష్టం. రాయలసీమ ఇంట్లో ఒకే ఒక ఫోర్టిఫైడ్ వైన్ ఉంచుకోవాలంటే నేను పోర్ట్ కన్నా దీనికే ఓటు వేస్తాను. బువాల్, మాల్మ్‌సీ రకాలు పూర్ణపు ఓళిగలకు టానీ కన్నా గట్టిగా నిలుస్తాయి.

చలికాలం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, పుస్తకాలన్నీ దాని గురించే చెబుతాయి. సంక్రాంతి నాటి నువ్వుల రొట్టెలకు, కనుమ మాంసానికి ఒలొరోసో. క్రిస్మస్ ప్లమ్ కేకుకు పీపాలో తక్కువకాలం ఉంచిన ఎర్రటి రూబీ పోర్ట్‌ గానీ, నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలో ఉంచి సీసాకెత్తిన లేట్ బాటిల్డ్ వింటేజ్ గానీ. దానిమ్మ గింజలు, నల్ల చాక్లెట్ కూడా వీటికి బాగుంటాయి. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే పెడ్రో హిమెనెస్ షెర్రీలో లీటరుకు 400 గ్రాముల దాకా చక్కెర ఉండవచ్చు, దాన్ని గ్లాసులో తాగడం కన్నా వెనిలా ఐస్‌క్రీమ్ మీద ఒక చెంచా పోసుకోవడం తెలివైన పని. 2011, 2016, 2017 వంటి ఒకే మంచి ఏడాది పంటతో చేసిన వింటేజ్ పోర్ట్ ఎవరైనా ఇస్తే, దాన్ని తెరవడానికి తొందరపడకుండా చల్లటి చోట పడుకోబెట్టి ఉంచండి. దానికి మన దగ్గర చల్లటి చోటు దొరకడమే కష్టం.

మన ఊళ్లలోనూ గోవాలోనూ పోర్ట్ వైన్ అనే పేరుతో అమ్మే తీపి ఎర్ర వైన్ మీరు అనుకుంటున్న పోర్ట్ కాదు. అసలు పోర్ట్ దోరు లోయది, 1756లోనే పోర్చుగల్ మంత్రి మార్కీస్ ద పొంబాల్ హయాంలో ఆ ప్రాంతానికి హద్దులు గీశారు. అసలు సీసా మెడ మీద పోర్చుగల్ నియంత్రణ సంస్థ అతికించే హామీ పట్టీ ఉంటుంది. మన దగ్గరి సీసా మీద ఆల్కహాల్ శాతం చదివితే చాలావరకు తేడా అక్కడే తెలిసిపోతుంది. దాన్ని తీసిపారేయమని నేను అనను. బాగా చల్లబరిచి, సోడా, చీనీరసం కలుపుకుంటే సాయంత్రానికి పనికొస్తుంది. టానీ గురించి చెప్పినవన్నీ దానికి వర్తిస్తాయనుకోవద్దు, అంతే.

మూత తీశాక నిలిచే కాలం రకాన్ని బట్టి మారుతుంది, గాలి ఎరగని వైన్ గాలికి తొందరగా పాడవుతుంది, గాలిలోనే ముదిరినది నిలుస్తుంది. ఫినో ఫ్రిజ్‌లో ఉంచినా అయిదు రోజులు, మహా అయితే వారం. తరువాత తాగితే ప్రాణానికేమీ కాదు కానీ పళ్లు కోసి మరిచిపోయిన పళ్లెం వాసన వస్తుంది. అలాంటిది వంటలో పోసేయండి. వింటేజ్ పోర్ట్‌ను రెండు మూడు రోజుల్లో ముగించాలి. రూబీ, లేట్ బాటిల్డ్ వింటేజ్ వారం నుంచి రెండు వారాలు. మీ టానీ, ఒలొరోసో ఒకటి రెండు నెలలు హాయిగా ఉంటాయి. మదీరా నెలల తరబడి చెక్కుచెదరదు. వీటన్నింటికీ తెరిచాక ఫ్రిజ్ తలుపులోనే చోటు. తెరవని సీసాలను ఇనుప బీరువాలోనూ అటక మీదా పెట్టకండి, వేసవిలో ఇంట్లోకెల్లా వేడి చోట్లు అవే. ఉత్తరపు గదిలో నేలకు దగ్గరగా, వెలుగు తగలని చోట, లేదా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచండి. ప్లాస్టిక్ తలతో ఉండే పొట్టి బిరడా ఉన్న టానీ, షెర్రీ సీసాలను నిలబెట్టే ఉంచాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారు ఇంట్లో ఉంటే పోర్ట్ 60 మిల్లీలీటర్లలో దాదాపు 6 గ్రాముల చక్కెర ఉంటుందని, ఫినోలో అది లెక్కకు రానంత తక్కువని గుర్తుంచుకోండి. ఆల్కహాల్ రెండింటిలోనూ ఉంది కనుక మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా ఏదీ ముట్టకూడదు, గర్భిణులు అసలే ముట్టకూడదు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. తాగాక బండి తాళాలు ఇంకొకరికి ఇవ్వాలని మళ్లీ చెప్పనక్కరలేదు.

మన జిల్లాల దుకాణాల్లో అసలైన షెర్రీ, మదీరా వెతకడం వృథా శ్రమ. విదేశాల నుంచి వచ్చేవారు ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు కాబట్టి, మీ బావమరిది మళ్లీ వచ్చేటప్పుడు ఇంకో టానీ బదులు అయిదేళ్ల లేదా పదేళ్ల వెర్డేలో మదీరా ఒకటి, సగం సీసా పరిమాణంలో ఫినో రెండు తెమ్మని చెప్పండి. సగం సీసాలో 375 మిల్లీలీటర్లు ఉంటుంది, ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో పాడుకాకముందే అయిపోతుంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో దిగి రోడ్డు మీద కర్నూలు చేరేటట్టయితే, కొన్న రసీదు సీసాలతోపాటే ఉంచుకోమనండి. రాష్ట్ర సరిహద్దు దాటి మద్యం తెచ్చే విషయంలో నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి, ఆ నెలలో ఏమి నడుస్తున్నదో ఎక్సైజ్ కార్యాలయంలో ఒక మాట కనుక్కున్నాకే బయలుదేరమనండి.